ముందు గళ్ళ నోటుబుక్కు, ఆ తర్వాతే స్క్రూడ్రైవరు: ఎం-209 సంకేతలిపి మిషనును బాగుచేయడం

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్ళు బెజవాడలో సింగ్ నగర్‌ను ముంచినప్పుడు మా ఇంట్లో నడుములోతు నిలిచాయి. మేం సత్యనారాయణపురంలో చెల్లెలి ఇంట్లో తలదాచుకున్నాం. తిరిగొచ్చేసరికి మంచం కింద నాన్న ట్రంకుపెట్టె సగం బురదలో కూరుకుపోయి ఉంది. నాన్నకు గవర్నరుపేటలో టైపు మిషన్ల రిపేరు షాపు ఉండేది. రెమింగ్టన్, హాల్డా, గోద్రెజ్, ఫాసిట్ అన్నీ ఆయన బల్ల మీదికి వచ్చేవి. స్కూలు అయ్యాక నేను ఆయన పక్కన కూర్చుని టైపు కడ్డీలు తుడిచేదాన్ని. తర్వాత నేనే ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టి ఇరవై రెండేళ్ళు లోయరు, హయ్యరు పరీక్షలకు పిల్లల్ని తయారుచేశాను. ఆ పెట్టెలో నాన్న పనిముట్లు ఉన్నాయని తెలుసు. వాటి అడుగున ఒక ముదురాకుపచ్చ డబ్బా ఉందని మాత్రం తెలియదు.

ఏడంగుళాల పొడవు, ఐదున్నర వెడల్పు, మూడుంపావు ఎత్తు. చిన్నదే, కానీ ఎత్తితే దాదాపు మూడు కిలోలు తూగింది. మూత తీస్తే ఆరు చక్రాలు, వాటి అంచున ఇంగ్లీషు అక్షరాలు, ఎడమ పక్క అక్షరాలున్న గుండీ, కుడి పక్క తిప్పే పిడి. అంతటా బురద. పెరట్లో కూర్చుని పైపుతో నీళ్ళు కొట్టి, టూత్‌బ్రష్షుతో మొదటి చక్రాన్ని గట్టిగా రుద్దేశాను. ఆ రుద్దుడికి చక్రం అంచున ఉన్న చిన్న పిన్నులు అటూ ఇటూ జరిగిపోయాయి. అవి జరిగే పిన్నులని నాకు అప్పుడు తెలియదు. సందేశాలను బయటివాళ్ళకు అర్థం కాకుండా మార్చే మిషను అది. ఏ పిన్ను ఎటు ఉందన్నదే దానికి చివరిసారి వేసిన తాళం. ఎవరో ఒక మనిషి చేత్తో పెట్టిన గుర్తును ఒక్క నిమిషంలో చెరిపేశాను. మిగిలిన ఐదు చక్రాల మీదికి బ్రష్షు వెళ్ళకముందే కరెంటు పోయింది, చీకటి పడింది, పని ఆపాను. అలా అవి దక్కాయి.

ఇలాంటి మిషను మీ చేతికి వస్తే ఆ తప్పు జరగకూడదని ఇది రాస్తున్నాను. టైపు మిషను మీద పనిచేసిన చేతులు ఎవరివైనా ఈ పనికి సరిపోతాయి. కావలసింది ఓపిక, ఒక గళ్ళ నోటుబుక్కు.

ముందు అదేమిటో తెలుసుకోండి

మా ఇంటికొచ్చి చూసినవాళ్ళలో సగంమంది "ఎనిగ్మానా?" అని అడిగారు. కాదు. ఎనిగ్మా జర్మన్ల సంకేతలిపి మిషను. దానికి బ్యాటరీ, బల్బులు, కీబోర్డు ఉంటాయి. ఇది అమెరికా సైన్యం రెండో ప్రపంచయుద్ధంలో వాడిన ఎం-209. దీనికి కరెంటుతో పనే లేదు. గుండీ తిప్పి అక్షరం పెట్టుకుని, పిడి ఒక చుట్టు తిప్పితే మారిన అక్షరం కాగితపు టేపు మీద అచ్చవుతుంది. గుడారంలో, జీపులో, మోకాళ్ళ మీద పెట్టుకుని వాడేందుకు చేసిన వస్తువు.

మూత దగ్గరున్న పేరు పలక మీద బురద తుడిచి చదివాను. ఎం-209-బి అని మోడలు, ఒక వరుస నంబరు, తయారుచేసిన కంపెనీ పేరు. ఎల్.సి. స్మిత్ అండ్ కరోనా టైప్‌రైటర్స్! నాన్న షాపులో కరోనా పోర్టబుల్ టైపు మిషను ఒకటి ఎప్పుడూ అద్దాల బీరువాలో ఉండేది, ఎవరికీ అమ్మేవారు కాదు. ఆ కంపెనీ చేసిన వస్తువే ఇదీ. ఇది టైపు మిషనుకు తోబుట్టువే అని తెలిసిన క్షణం నాకు భయం పోయింది.

దీన్ని తయారుచేసింది అమెరికా కంపెనీయే అయినా, పుట్టించింది స్వీడన్‌కు చెందిన బోరిస్ హాగెలిన్. 1940లో యూరప్ అంతా యుద్ధంలో ఉండగా ఆయన ఇటలీలోని జెనోవా రేవు నుంచి ఓడెక్కి, రెండు మిషన్లను వెంటబెట్టుకుని అమెరికా చేరాడు. అక్కడి సైన్యం వాటిని పరీక్షించి, కొన్ని మార్పులు చేయించి ఒప్పుకుంది. 1,40,000కు పైగా తయారయ్యాయి. ప్రపంచంలో అంత అరుదైన వస్తువు కాదనే చెప్పాలి. కానీ బెజవాడలో మంచం కింద దొరకడం అరుదే కదా. కాబట్టి దీన్ని కోట్ల విలువైన నిధిగా చూడకండి, తుక్కుగానూ చూడకండి. నాకు ఫోన్ చేసి పెద్ద పెద్ద ధరలు చెప్పినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో ఒక్కరు కూడా పలక మీది నంబరు అడగలేదు.

నోటుబుక్కు పని

ఇక్కడ తొందరపడొద్దు. నాకు నాలుగు రాత్రులు పట్టింది.

లోపలి మూత తెరిస్తే రెండు భాగాలు కనిపిస్తాయి. ముందు ఆరు చక్రాలు, వాటి వెనక పీపాలాంటి డ్రమ్ము. ఆరు చక్రాల మీద అక్షరాల సంఖ్య వేరువేరుగా ఉంటుంది. ఎడమ నుంచి కుడికి 26, 25, 23, 21, 19, 17. ఒక్కో అక్షరానికి ఒక్కో పిన్ను, మొత్తం 131. ప్రతి పిన్నూ చక్రానికి కుడివైపు గానీ ఎడమవైపు గానీ పొడుచుకుని ఉంటుంది. కుడివైపు ఉంటే పనిచేస్తుంది, ఎడమవైపు ఉంటే ఊరుకుంటుంది. ఇక డ్రమ్ము చుట్టూ 27 కడ్డీలు. ఒక్కో కడ్డీ మీద రెండు బొడిపెలు. ఆ బొడిపెలను ఆరు చక్రాలలో దేనికి ఎదురుగానైనా జరపవచ్చు, లేదా దేనికీ తగలకుండా సున్నా గుర్తు దగ్గర ఉంచవచ్చు.

గళ్ళ నోటుబుక్కులో ఒక్కో చక్రానికి ఒక్కో వరుస గీయండి. ఒక గడిలో అక్షరం, దాని కింద గడిలో కు లేదా ఎ. కుడి, ఎడమ. డ్రమ్ముకు 27 వరుసలు, ఒక్కోదానికి రెండు అంకెలు. ముందు ఫోన్‌తో ఫొటోలు తీయండి, కానీ ఫొటోలనే నమ్ముకోకండి. బురద మచ్చ కూడా పిన్నులాగే పడుతుంది. టార్చి పక్కనుంచి వేసి, కంటితో చూసి, నోటితో పైకి చదువుతూ రాయాలి. నేను చదివితే మా అమ్మాయి రాసింది. మర్నాడు ఆమె చదివితే నేను రాశాను. రెండు కాగితాలూ పోల్చి చూస్తే మూడుచోట్ల తేడా వచ్చింది. ఆ మూడుచోట్ల భూతద్దం పెట్టి మళ్ళీ చూశాం. చక్రం తిప్పాల్సి వస్తే వేలితో మెల్లగా, ఒక్కో అక్షరం చొప్పున తిప్పాలి. బిగుసుకుని ఉంటే తిప్పకుండా దంతవైద్యులు వాడే చిన్న అద్దం అవతలి వైపు పెట్టి చదవండి.

మొదటి చక్రం వరుసలో "నీళ్ళ పైపు వల్ల పోయింది, 2024 సెప్టెంబరు" అని రాశాను. అలాంటివి దాచకూడదు. రేపు ఆ నోటుబుక్కు చదివేవాళ్ళకు ఏది నిజమో తెలియాలి.

ఇంతా చేసి ఏమి తెలిసిందంటే, దక్కిన ఐదు చక్రాల 105 పిన్నుల్లో 52 కుడివైపు ఉన్నాయి. ఒక్కో చక్రాన్నీ విడిగా లెక్కపెట్టినా సగానికి అటూ ఇటుగానే వచ్చింది. సైన్యం ఇచ్చిన నియమం ప్రకారం పనిచేసే పిన్నులు నూటికి 40 నుంచి 60 మధ్య ఉండాలి. బొడిపెలు కూడా సున్నా దగ్గర లేవు, అన్నీ సర్ది ఉన్నాయి. శత్రువుకు చిక్కేలా ఉంటే అన్నిటినీ చెరిపేయాలన్నది వాడేవాళ్ళకు ఉన్న ఆజ్ఞ. ఈ మిషనులో ఎవరూ చెరపలేదు. పిన్నులు, బొడిపెలు రోజూ మార్చేవారు కాబట్టి, మా నోటుబుక్కులో ఉన్నది బహుశా ఏదో ఒక్క రోజు తాళం.

బురద, తుప్పు, పాత ఆయిల్

రాసుకోవడం పూర్తయ్యేదాకా వస్తువును ఎండలో పెట్టకండి. నీడలో ఫ్యాను గాలి చాలు. వరదనీళ్ళలో నానినది ఎండకు ఒక్కసారిగా ఆరితే పెయింటు పొరలు లేచి వస్తాయి, బురద సిమెంటులా పట్టుకుంటుంది.

కడగడానికి బోరు నీళ్ళు వద్దు. మా వైపు బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, ఆరాక తెల్లటి పొర మిగిలి, దాని కిందనుంచి తుప్పు మొదలవుతుంది. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటరు ఐదు లీటర్ల డబ్బా తెచ్చుకోండి. మెత్తటి పెయింటు బ్రష్షును అందులో ముంచి, పిన్నుల వరుసకు అడ్డంగా కాకుండా చక్రం తిరిగే దారిలోనే కదపాలి. పిన్నులు పక్కకు జరిగేవి కాబట్టి ఆ దారిలో బ్రష్షు వాటిని కదిలించదు. మొదటి రోజు నేను చేసినది దీనికి సరిగ్గా వ్యతిరేకం. నీళ్ళు తేటగా వచ్చాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తడపండి, మూలల్లో మిగిలిన నీటిని అది వెంట తీసుకుపోతుంది. ఎలక్ట్రానిక్ సామాన్ల షాపుల్లో దొరుకుతుంది. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా వాడాలి. పెయింటు మీద వాడేముందు అడుగున కనబడనిచోట దూది పుల్లతో చూడండి. దూదికి పచ్చరంగు అంటితే పెయింటు మీద వాడొద్దు.

నాన్న టైపు మిషన్లను కిరసనాయిలులో ముంచి తీసేవారు. ఆ పద్ధతి ఇక్కడ వద్దు. ఆయన చేతిలో మిషను మర్నాడు ఇన్‌స్టిట్యూట్‌లో పనికెక్కాలి, పెయింటు గురించి ఆలోచించే తీరిక లేదు. మన పని వేరు.

పేరు పలకను చింతపండుతో తోమాలని మా పెద్దమ్మ చెప్పింది. ఇత్తడి బిందెలకు అది మంచిదే. పలక మీద మాత్రం అంకెల గాడుల్లో ఉన్న రంగు పులుపుకు పోతుంది. గిన్నెలు తోమే పొడులు, నిమ్మచెక్క, వెనిగర్ కూడా వద్దు. డిస్టిల్డ్ వాటరు తడి గుడ్డ, ఆ తర్వాత పొడి గుడ్డ, అంతే. మసకగా ఉన్నా చదవగలిగితే చాలు.

తుప్పు పట్టిన చోట్ల ఒక చుక్క పలుచటి మిషను ఆయిల్ వేసి, రాత్రంతా ఉంచి, ఉదయం వెదురు పుల్లతో గీకండి. వెదురు తుప్పును లేపుతుంది, లోహాన్ని గీరదు. వెదురు పుల్లలు నేను నలభైదాకా అరగదీశాను. అన్నిటికంటే సన్నటి స్టీల్ ఊలును ఆయిల్‌లో ముంచి వాడవచ్చు, కానీ పెయింటు లేని ఉక్కు భాగాల మీద మాత్రమే. పని అయ్యాక దాని ముక్క ఒక్కటి కూడా లోపల మిగలకూడదు. అయస్కాంతం తిప్పి ఏరేయండి.

పాత ఆయిల్ సంగతి టైపు మిషను వాళ్ళందరికీ తెలిసిందే. ఏళ్ళు గడిస్తే అది బంకలా గట్టిపడుతుంది. మిషను కదలకపోవడానికి పదింట ఎనిమిదిసార్లు కారణం అదే, తుప్పు కాదు. ఆల్కహాల్‌లో తడిపిన దూది పుల్లతో కడ్డీల గాడులు ఒక్కొక్కటీ తుడుస్తూ, కడ్డీని వెదురు పుల్లతో ఎడమకు నెట్టి వదిలి చూడండి. 27 కడ్డీలూ ఒకేలా జరగాలి. నా దగ్గర మొదట తొమ్మిది మాత్రమే జరిగాయి. రెండు వారాలకు ఇరవై ఆరు. ఆ మిగిలిన ఒక్కదాని సంగతి తర్వాత చెబుతాను.

పిడి తిరగకపోతే బలవంతం చేయకండి. ఈ ఒక్క మాట గోడ మీద రాసి పెట్టుకోండి. లోపల పళ్ళ చక్రం పన్ను విరిగితే ఇక్కడ మళ్ళీ చేయించడం చాలా కష్టం. పిడి ఎక్కడో మధ్యలో ఆగిపోయి ఉండవచ్చు, బురద రాయి ఒకటి ఇరుక్కుని ఉండవచ్చు. వెనక్కీ ముందుకీ వెంట్రుకవాసి చొప్పున కదుపుతూ, ఎక్కడ ఆగుతోందో చెవితో వినండి.

అన్నీ కదిలాక ఆయిల్ ఎంత వేయాలంటే, సూది మొనతో ముంచి తీసినంత. ఇరుసుల దగ్గర మాత్రమే. గ్రీజు అసలే వద్దు. పిన్నులకు ఏమీ వేయకండి, జిడ్డు ఉంటే వాటంతటవే జారతాయి.

ఆటోనగర్‌లో ఒక స్క్రూ

సిరా చక్రాన్ని పట్టుకునే చిన్న చెయ్యికి స్క్రూ లేదు. ఇది అమెరికా వస్తువు, మరలన్నీ అంగుళాల కొలతలో ఉంటాయి. మన షాపుల్లో దొరికే మిల్లీమీటరు స్క్రూ మొదటి రెండు చుట్లు చక్కగా దిగుతుంది, మూడో చుట్టుకు రంధ్రంలో మర నాశనమవుతుంది. పాత అమెరికన్ టైపు మిషన్ల స్క్రూలు నాన్న అగ్గిపెట్టెల్లో వేరుచేసి ఉంచేవారు, కానీ ఆ అగ్గిపెట్టెలు నీళ్ళల్లో కరిగిపోయాయి. పాడైన ఒక రెమింగ్టన్ నుంచి దగ్గరి కొలత దొరికింది. పొడవు మాత్రం ఎక్కువ. ఆటోనగర్‌లో ఒక లేతు పనివాడి దగ్గరికి తీసుకెళ్తే, లారీ ఇరుసులు తిప్పే ఆ చేతులతో బియ్యపుగింజంత స్క్రూను పట్టి రెండు మిల్లీమీటర్లు తగ్గించి ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు. మిషను చూపిస్తే చాలన్నాడు.

అక్కడే ఇంకొకరు డబ్బాను ఇసుకతో కొట్టించి, కొత్త పెయింటు వేసి "షోరూం పీసు" చేసిస్తానన్నారు. దయచేసి ఒప్పుకోకండి. ఎడమ మూల పెయింటు అరిగిపోయి లోహం కనిపిస్తోంది. వాడినవాళ్ళ అరచెయ్యి అక్కడ ఆనుకునేది. నేను నా అరచెయ్యి అక్కడ పెట్టి చూశాను, సరిగ్గా సరిపోయింది. పెయింటు వేస్తే అది పోతుంది.

సిరా చక్రం మీది ఫెల్టు పొడిపొడిగా రాలిపోయింది. దాని ముక్కలు ఒక చిన్న కవరులో వేసి తేదీ రాసి ఉంచాను. కొత్తది టైపు మిషను ఫెల్టు నుంచి కత్తిరించాను. నంబరింగ్ మిషనుకు వాడే సిరా రెండు చుక్కలు చాలు. మూతలో ఉన్న కాగితపు టేపు వెనక జిగురు ఉండే రకం, వరదనీళ్ళకు మొత్తం ఒకే ముద్దయింది. విప్పడానికి ప్రయత్నించి చించే బదులు ఆరబెట్టి అలాగే ఉంచాను. వాడకానికి బిల్లు మిషను రోలును పాత టేపు వెడల్పుకు కత్తిరించుకుంటున్నాను.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. లోపల జరిగేది తెలిస్తే మిషనే తన జబ్బు తాను చెబుతుంది.

పిడి తిప్పినప్పుడు, పనిచేసే పిన్ను ఉన్న ప్రతి చక్రం తన చేతిని ముందుకు నెడుతుంది. ఆ చేతికి తగిలిన బొడిపెలున్న కడ్డీలు ఎడమకు జరుగుతాయి. ఎన్ని కడ్డీలు జరిగితే అచ్చు చక్రం అన్ని పళ్ళు తిరుగుతుంది. అంటే ప్రతి అక్షరానికీ పళ్ళ సంఖ్య మారిపోయే గేరు ఇది. తర్వాత ఆరు చక్రాలూ ఒక్కో మెట్టు ముందుకు జరుగుతాయి. చక్రాల సంఖ్యలకు ఉమ్మడి భాజకం లేదు కాబట్టి, మళ్ళీ మొదటి అమరికకు రావడానికి 10,14,05,850 అక్షరాలు పడుతుంది. కాలిక్యులేటర్ మీద ఆ ఆరు సంఖ్యలనూ హెచ్చవేసి చూడండి.

మొదటి పరీక్ష: నోటుబుక్కులో అంతా రాసుకున్నారు కదా, ఇప్పుడు పిన్నులన్నీ ఎడమకు నెట్టేయండి. ఒక్క కడ్డీ కూడా జరగదు. ఏ (A) పెట్టి పిడి తిప్పితే జెడ్ రావాలి, బీ పెడితే వై, సీ పెడితే ఎక్స్. అక్షరమాల తలకిందులు. ఇది సరిగా వస్తే గుండీ, అచ్చు చక్రం, పిడి బాగున్నట్టే. ఈ తలకిందుల పద్ధతి వల్లే సందేశాన్ని మూయడానికీ (రహస్య అక్షరాలుగా మార్చడానికీ) విప్పడానికీ ఒకే అమరిక సరిపోతుంది. పక్కనున్న చిన్న మీట మార్చితే తేడా అచ్చులో మాత్రమే. మూసేటప్పుడు అక్షరాలు ఐదేసి గుంపులుగా పడతాయి, విప్పేటప్పుడు జెడ్ వచ్చిన చోట ఖాళీ వదులుతుంది. రాసేవాళ్ళు మాటకూ మాటకూ మధ్య జెడ్ కొట్టేవారు.

రెండో పరీక్ష సైన్యం తన పుస్తకంలోనే ఇచ్చింది. 1944 నాటి టీఎం 11-380 అనే ఆ పుస్తకం స్కాను ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. అందులో నమూనా తాళం ఉంటుంది. దాని ప్రకారం పిన్నులు, బొడిపెలు పెట్టి, ఆరు చక్రాలనూ ఏ (A) దగ్గర నిలిపి, వరుసగా 26 సార్లు ఆ ఏ (A) అక్షరమే కొట్టాలి. మొదటి ఐదు అక్షరాలు టీ, ఎన్, జే, యూ, డబ్ల్యూ. అలా 26 అక్షరాలూ పుస్తకంతో కలిస్తే మిషను బాగున్నట్టు. పిన్నులు పెట్టేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. ఎదురుగా కనిపించే అక్షరం పిన్ను కాదు ఆ క్షణంలో పనిచేసేది, చక్రం అవతలి వైపున్న పిన్ను. ఇది తెలియక నేను ఒక సాయంత్రమంతా అయోమయంలో పడ్డాను.

ఏ (A) కొట్టినప్పుడు వచ్చిన అక్షరం అక్షరమాలలో ఎన్నోదో లెక్కపెడితే, ఎన్ని కడ్డీలు జరిగాయో తెలిసిపోతుంది. టీ ఇరవయ్యోది, అంటే ఇరవై కడ్డీలు. ఎన్ పద్నాలుగు. జే పది. నాకు టీ వచ్చింది. రెండోది ఎన్ రావాల్సిన చోట ఎం వచ్చింది. ఎం పదమూడోది. ఒక్క కడ్డీ తక్కువ! మొదటి అక్షరానికి అవసరం పడని కడ్డీ ఏదో రెండోదానికి కావాల్సి వచ్చి జరగలేదన్నమాట. తీసి చూస్తే, రెండు వారాలు వేధించిన ఆ ఇరవై ఏడోదే. దాని గాడి చివర ఆవగింజంత బుడమేరు ఇసుక. వెదురు పుల్లతో తీసేశాను. మళ్ళీ మొదటినుంచి కొట్టాను. రాత్రి పదకొండున్నరకు ఇరవై ఆరో అక్షరం కూడా కలిసింది. మా అమ్మాయిని నిద్రలేపి చూపించాను.

పరీక్ష అయ్యాక ఐదు చక్రాలనూ, బొడిపెలనూ నోటుబుక్కు చూసి దొరికినట్టే తిరిగి పెట్టాను. మొదటి చక్రం పిన్నులన్నీ ఎడమకే ఉంచాను. అక్కడ లేనిదాన్ని ఉన్నట్టు చూపకూడదు.

ఎక్కడిదో వెతకడం

దీనికి నేను మూడు గళ్ళ కాగితం వాడాను. కంటితో చూసినది, రాతలో ఉన్నది, నోటితో చెప్పినది. ఏ సంగతి తెలిసినా ఈ మూడింట్లో ఒకచోట రాయాలి, ఒక గడి నుంచి ఇంకో గడిలోకి ఊరికే జరపకూడదు. మిషను దొరికిన వారంలోనే "నేతాజీ సైన్యానిది అయ్యుంటుంది" అని ఒకరు, "నిజాం వాళ్ళది" అని ఇంకొకరు అన్నారు. అవి ఏ గడిలోనూ పడవు, ఎందుకంటే చెప్పినవాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

చూసినది: పలక, నంబరు, పిన్నులు, అరిగిన మూల. రాతలో ఉన్నది నాన్న ఖాతా పుస్తకం. అది అటక మీద ఉండబట్టి తడవలేదు. తిరగేస్తే 1971 ఆగస్టులో ఒక పద్దు దొరికింది: "పచ్చ డబ్బా, అక్షరాల మిషను. తిరగడం లేదు. తెనాలి మాస్టారు. అడ్వాన్సు 5 రూ." పక్కన వీధి పేరు. డెలివరీ గడి ఖాళీ.

అంటే అది మాది కాదు. ఎవరో బాగుచేయమని ఇచ్చిన వస్తువు. అప్పటినుంచి మా దగ్గరే ఉండిపోయింది. నాన్న ఎందుకు తిరిగి ఇవ్వలేదో, మాస్టారు ఎందుకు రాలేదో పుస్తకంలో లేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తెనాలి వెళ్ళి ఆ వీధిలో మూడిళ్ళు అడిగితే మాస్టారి కుటుంబం దొరికింది. మాస్టారు పోయి చాలా ఏళ్ళయింది. వాళ్ళబ్బాయికే డెబ్బై దాటాయి. ఫొటో చూపించగానే ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, "అమ్మా, ఇది తాతయ్య డబ్బా! నాన్నగారు బెజవాడలో ఇచ్చానన్నారు. ఆ తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చింది, ఎవరికిచ్చారో చెప్పలేకపోయారు" అన్నారు. వాళ్ళ తాతగారు యుద్ధం రోజుల్లో అస్సాంలో, బర్మా వైపు వేసిన లెడో రోడ్డు పనుల్లో గుమాస్తాగా ఉండేవారట. ఆ రోడ్డును అమెరికా సైన్యం వేయించింది. యుద్ధం అయ్యాక కలకత్తాలో సైన్యం సామాన్ల వేలంలో ఒక లాటు కొన్నారట, అందులో ఇదీ వచ్చిందట. లోపలి మూత మాత్రం పిల్లలను ముట్టుకోనిచ్చేవారు కాదట. ఈ "అట"లన్నీ మూడో గడిలో రాశాను.

కానీ వాళ్ళ ఇంట్లో ఒక కార్డు ఉంది. 1946లో కలకత్తా నుంచి తాతగారు భార్యకు రాసినది. బియ్యం ధర, దగ్గు మందు, పెద్దాడి చదువు, చివర ఒక వాక్యం: "అక్షరములు తిరుగు పెట్టె ఒకటి దొరికినది, పిల్లలకు చూపవచ్చును." ఆ ఒక్క వాక్యంతో కలకత్తా, 1946 రెండో గడిలోకి వచ్చాయి. పాత వస్తువు చరిత్ర వెతికేవాళ్ళు దస్తావేజులకంటే ముందు ఇళ్ళల్లో కార్డులు, తీగకు గుచ్చిన రసీదులు అడగాలని నాకు అప్పుడు అర్థమైంది. అమెరికా సైన్యంలో ఏ నంబరు ఏ దళానికి వెళ్ళిందో ఆ కుటుంబం దగ్గర దొరకదు, నా దగ్గరా లేదు. ఆ గడి ఖాళీగానే ఉంది, ఖాళీగానే ఉండనిస్తాను.

తెనాలి వాళ్ళు అడిగిన ప్రశ్న ఒకటుంది. ఇంత కష్టపడి తాళం వేస్తే శత్రువు విప్పలేదా అని. విప్పాడు. 1943 నుంచి జర్మన్లు ఈ మిషను సందేశాలు కొన్నిటిని చదవగలిగారు, ముఖ్యంగా రెండు సందేశాలు ఒకే అమరికతో పంపిన తప్పు జరిగినప్పుడు. ఆ సంగతి ఊహించే సైన్యం దీన్ని పెద్ద రహస్యాలకు కాక, యుద్ధరంగంలో దళానికీ దళానికీ మధ్య వాడింది. శత్రువు విప్పేసరికి ఆ ఫిరంగి అక్కడ ఉండదు, ఆ వంతెన దాటేసి ఉంటారు. కొన్ని గంటలు నిలిచే తాళమైతే చాలు. కొరియా యుద్ధంలోనూ దీన్ని వాడారు.

నిల్వ గురించి రెండు మాటలు. వానాకాలంలో కృష్ణ ఒడ్డున గాలే తడిగా ఉంటుంది. గట్టి మూతున్న స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. నీలిరంగు గింజలు గులాబీ రంగులోకి మారితే మార్చండి. గుడ్డ సంచిలో పెట్టి అటకెక్కించొద్దు, గుడ్డ తేమను పట్టి ఉంచుతుంది. నెలకోసారి తీసి పిడి పది చుట్లు తిప్పండి.

మిషను తీసుకుని మళ్ళీ తెనాలి వెళ్ళాను. వాళ్ళ మనవడు, ఇంటర్ చదువుతున్నాడు, నేను ముందే మూసి తెచ్చిన ఐదేసి అక్షరాల టేపును ఒక్కొక్కటిగా కొట్టి విప్పాడు. వాళ్ళ తాతముత్తాతల కార్డులోని ఆ వాక్యమే, ఇంగ్లీషు అక్షరాల్లో. పెద్దాయన టేపు పట్టుకుని రెండుసార్లు పైకి చదివారు. మిషను తీసుకోమంటే వద్దన్నారు. "మా ఇంట్లో దీన్ని చూసేవాళ్ళెవరమ్మా, తుప్పు పట్టిస్తాం. ఎక్కడ బాగైందో అక్కడే ఉండనీ" అన్నారు. టేపు మాత్రం ఉంచుకున్నారు.

ఇంటికొచ్చి నాన్న ఖాతా పుస్తకం తీశాను. 1971 ఆగస్టు పద్దు పక్కన ఖాళీగా ఉన్న డెలివరీ గడిలో రాశాను: "టేపు ఇచ్చాం. మిషను షాపులోనే, వాళ్ళ మాట మీద. బాకీ లేదు."